ఎడమవైపు బరువు

ఎత్తైన భవనాలకు రంగులు వేసేవాళ్లలో గాలిపటాన్ని ఎరగనివాడు లేడు. అసలు పేరేమిటో అతని మేస్త్రీకే గుర్తులేదు. మనిషి సన్నం, మాట లావు. ఒకసారి మబ్బులో చెయ్యి పెట్టి కడుక్కున్నానన్నాడు. ఇంకోసారి విమానం కిటికీలోంచి ఎవరో చంటిపిల్ల టాటా చెబితే తిరిగి బ్రష్షు ఊపానన్నాడు. ఎవరైనా "ఆపరా నీ కోతలు" అంటే, "నమ్మకపోతే పైకొచ్చి చూసుకోండి" అనేవాడు. పైకి ఎవడొస్తాడు? అదే అతని ధైర్యం. నేలమీద పనిచేసేవాళ్లందరినీ కలిపి చీమలనేవాడు.

పెళ్లి మాట ఎత్తితే, "గాల్లో వేలాడే మొగుణ్ణి ఏ పిల్ల దించుకుంటుందిలే" అని తప్పించుకునేవాడు. ఉండేది అక్క ఇంట్లో, పనిచేసేది అక్క మొగుడితో. సాయంత్రం ఇద్దరూ వచ్చి గుమ్మం పక్క బల్లమీద కూర్చుంటే, అక్క లోపల్నుంచి "వచ్చార్రా నా ఆకాశరాజులు" అని చెరో గ్లాసు మంచినీళ్లు పట్టుకొచ్చేది. బల్లకి ఎడమ చివర బావ, కుడి చివర గాలిపటం. పైన కూడా అంతే.

పైన వాళ్లు నిలబడే చెక్కను అందరూ ఉయ్యాల అంటారు. భవనం కప్పు మీదనుంచి రెండు తాళ్లకు వేలాడే పొడుగాటి పలక అది. వీళ్ల ఉయ్యాల పాతది. తాళ్లు దాని చివర్లకు కాకుండా కాస్త లోపలికి కట్టి ఉండేవి, చివరన నిలబడితే పక్క కిటికీ దాకా చెయ్యి అందుతుందని. అందుకే అది చెక్కలా కాక తరాజులా ఊగేది. బావ బస్తా లాంటి మనిషి. ఆయన అటు చివరకు జరిగితే ఇటు గాలిపటం కుడికాలు గట్టిగా తొక్కిపెట్టాలి. ఆయన వెనక్కి వస్తే ఇతను వదలాలి. ఇందులో ఒకరికొకరు చెప్పుకునేదేమీ లేదు. మాట్లాడుకునేవి వేరే, కిటికీల్లో కనిపించే సంసారాల గురించి. కింద కాళ్లు వాటి పని అవి చేసుకునేవి. బావకు తుమ్ము వచ్చేముందు తన అరికాలికి తెలిసిపోతుందని గాలిపటం అనేవాడు. అతను చెప్పిన వాటిలో అబద్ధం కానిది బహుశా అదొక్కటే.

ఒకరోజు పొద్దున్నే ఎడమ తాడు పట్టు జారింది. బావ బెల్టు కట్టుకునే ఉన్నాడు, కానీ దాని కొక్కెం తగిలించింది ఆ జారిన తాడుకే. రంగు డబ్బాతోపాటు ఆయనా కిందికి పోయాడు. చెక్క నిట్టనిలువుగా వేలాడింది. గాలిపటం ఎడమ పాదం చెక్క అంచు ఇనుప పట్టీలో ఇరుక్కుని, చీలమండ విరిగి, పైవాళ్లు లాగేదాకా తలకిందులుగా ఉన్నాడు. అలా వేలాడేవాడికి నేల తప్ప ఇంకేం కనబడుతుంది. అంతా చూశాడు.

ఎముక అతుక్కుంది. కట్టు విప్పాక ఆసుపత్రివాళ్లు వెనకవైపు గదికి పంపారు. కింది అంతస్తులో, మందుల వాసనకు బదులు కండరాల నొప్పి నూనె వాసన వచ్చే గది. ఒక గోడ నిండా అద్దం, పట్టుకుని నడవడానికి రెండు కడ్డీలు, మేకులకు వేలాడే రబ్బరు పట్టీలు, గాలి తగ్గిన పెద్ద బంతి ఒకటి. వ్యాయామాలు చేయించేది చిన్న వయసు ఫిజియో అమ్మాయి. ఆమె అతని ముందు ఒక గుండ్రటి చెక్క పెట్టింది. పైన చదును, అడుగున సగం కోసిన బంతి లాంటి దిమ్మ.

"దీన్ని బ్యాలెన్స్ బోర్డు అంటారు. మీ ఎముక బాగానే ఉంది. కానీ ఒరిగినప్పుడు సర్దుకోవడం మీ చీలమండ మరిచిపోయింది. దీనిమీద నిలబడితే మళ్లీ నేర్చుకుంటుంది."

గాలిపటం ఆ చెక్కను కాలితో తట్టి చూశాడు. "ఇంతేనా డాక్టరమ్మా? జానెడు ఎత్తు కూడా లేదు. నేను మేఘాలకి సున్నం కొట్టినవాణ్ణి."

"నేను డాక్టర్ని కాదు. ఎక్కండి."

ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే కుడివైపు దభీమని పడ్డాడు. కడ్డీ పట్టుకోబట్టి మూతి పగల్లేదు.

పక్క మంచంమీద మోకాలికి వేడి సంచీ కట్టుకుని పడుకున్న బస్సు డ్రైవరు పగలబడి నవ్వాడు. "ఏం అబ్బాయ్, మేఘం తడిగా ఉందా?"

"నవ్వు బాబాయ్, నవ్వు. నేను పడిన ఎత్తునుంచి నీ బస్సు పడితే టైర్లు మాత్రమే దొరికేవి," అన్నాడు గాలిపటం, లేచి నిలబడి. ఇక మొదలు పెట్టాడు. పదకొండో అంతస్తునుంచి జారాడట. దారిలో ఒక గద్ద వచ్చి చొక్కా పట్టుకుందట. బరువు ఆపలేక అది వదిలేస్తే ఆరో అంతస్తులో ఒకావిడ ఆరేసిన దుప్పటిలో పడ్డాడట. ఆవిడ తిట్టిన తిట్లకి భయపడి మళ్లీ దూకేశాడట. మరుసటిసారి అదే కథలో అంతస్తులు పద్నాలుగయ్యాయి, గద్దలు రెండయ్యాయి. ఎన్ని అంతస్తులు పెరిగినా ఆ కథలో ఉయ్యాల మీద ఉన్నది ఒక్కడే. బావ ఎక్కడా లేడు.

మేస్త్రీ మాత్రం కథలు వినే మనిషి కాదు. ఒకరోజు ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "చూడరా, వానలు పట్టేలోపు పెద్ద భవనం పని ఒకటుంది. నీ చోటు నీకే అట్టిపెట్టా. కానీ పైకి పంపేముందు కిందే ఉయ్యాల కట్టి చూస్తా. నిలబడితే ఎక్కుతావు. లేదంటే నేలమీద రంగులు కలుపుకుందువుగాని."

"నన్ను చీమల్లో కలుపుతావా మేస్త్రీ?"

"అక్కడికి చీమలేదో పస్తులున్నట్టు!" అని మేస్త్రీ వెళ్లిపోయాడు.

గాలిపటం ఆ గదికి ఒక్క పూట కూడా మానకుండా వెళ్లాడు. చీలమండకు బలం వచ్చింది. మునివేళ్లమీద లేవగలిగాడు, రబ్బరు పట్టీని పాదంతో లాగగలిగాడు, నేలమీద ఒంటికాలిపై నిలబడి డ్రైవరును వెక్కిరించగలిగాడు. ఆ చెక్క ఎక్కితే మాత్రం పడేవాడు. ప్రతిసారీ కుడివైపే.

"ఎడమకాలంటే భయం వల్ల బరువంతా కుడికాలిమీద వేస్తున్నారు," అంది ఫిజియో అమ్మాయి. "కిందికి చూడకండి. ఎదురుగా గోడమీద ఆ నల్లచుక్క చూడండి."

"గోడ చూపిస్తే రంగెయ్యాలనిపిస్తుందమ్మా."

"మాటలు తగ్గించి చూపు నిలపండి."

నిలిపాడు. పడ్డాడు. చెక్క మార్చి చూసింది, ఒకేవైపు ఊగేది ఇచ్చింది. దానిమీదా అంతే. బాగైన ఎడమకాలు బాగానే ఉంది, ఏ దెబ్బా తగలని కుడికాలే నేలను గుచ్చేస్తోంది. ఆ అమ్మాయి తల గోక్కుని, "ఇంట్లో ఎవరైనా ఉంటే తీసుకురండి. సాధన ఎలా చేయించాలో నేర్పిస్తాను," అంది. మొదటిసారి అతను ఏ కోతా కోయకుండా తల ఊపాడు. ఆకాశం చివర్లో మబ్బులు నల్లబడుతున్నాయి.

అక్క వచ్చింది. బావ పోయినప్పటినుంచి ఆమె మాట ముక్తసరి అయింది. తమ్ముణ్ణి అది జరిగిన రోజు గురించి ఒక్క ముక్క అడగలేదు. వీధిలో అతను గద్దల కథ చెబుతుంటే లోపల్నుంచి విని, తలుపు దగ్గరికి వేసేది. ఇప్పుడు గది మూల కుర్చీలో, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది.

గాలిపటం చెక్క ఎక్కాడు. కుడికాలు బిగుసుకుంది. ఒరిగాడు, కడ్డీ పట్టుకున్నాడు.

"మళ్లీ," అంది ఫిజియో అమ్మాయి.

మళ్లీ అదే.

"ఇంకోసారి ఎక్కరా," అంది అక్క, కుర్చీలోంచి లేస్తూ.

ఎక్కాడు. ఆమె ఈసారి అతన్ని కాదు, ఎదురుగా అద్దంలోకి చూసింది. అద్దంలో తమ్ముడు కుడి అంచుకు ఒదిగి నిలబడి ఉన్నాడు. ఎడమపక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇంటి దగ్గర గుమ్మం పక్క బల్లమీద కూడా ఇన్నాళ్లూ అలాగే కూర్చుంటున్నాడు, కుడి చివరన, మిగతా బల్లంతా వదిలేసి.

"ఒరేయ్, నీ ఎడమపక్కన ఎవరున్నార్రా?"

"ఎవరున్నారక్కా? గోడ ఉంది."

"మరి ఎవరి బరువుకని ఆ కాలు తొక్కుతున్నావ్?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. డ్రైవరు మోకాలిమీద సంచీ సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

"అలవాటక్కా," అన్నాడు చివరికి. "తొక్కకపోతే... ఆయన అటు జారిపోతాడు."

అక్క సంచీ కుర్చీలో పెట్టి వచ్చి, చెక్కకు ఎడమపక్కన నేలమీద నిలబడింది. భుజం అతని మోచేతికి తగిలేంత దగ్గరగా. "జారేది ఎప్పుడో జారింది నాయనా. ఇక్కడున్నది నేను. నా కాళ్లు నేలమీదున్నాయి. నా బరువు నీ చెక్కమీద లేదు. వదులు."

"రాదే అక్కా."

"వదలరా తమ్ముడూ. నువ్వు తొక్కి పట్టుకుంటే ఆయనేం రాడు."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. గాలిపటం కుడికాలు మెల్లగా సడలింది. చెక్క ఎడమకు ఒరిగింది, బాగైన చీలమండ తన పని తాను చేసింది. చెక్క సమంగా నిలిచింది. అద్దంలో అతను మధ్యకొచ్చాడు.

ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, ఇద్దరి మొహాలూ చూసి చేతులు దించేసింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లి సంచీ తీసుకుంది. ఆ రోజు అతను ఎన్ని అంతస్తులో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఇంట్లోనూ రోజూ సాధన చేశాడు. అక్క పక్కన నిలబడేది, కొన్నాళ్లకు నిలబడటం మానేసింది. కళ్లు మూసుకుని నిలబడ్డాడు, డ్రైవరు విసిరిన బంతి పట్టుకుంటూ నిలబడ్డాడు. "ఇప్పుడు భూకంపం వచ్చినా నువ్వు పడవురా," అని డ్రైవరు ఒప్పుకున్నాడు. ఇంక రానక్కర్లేదంది ఫిజియో అమ్మాయి.

తొలి వాన కురిసిన మర్నాడు, వానలు ముదరకముందే పని మొదలుపెట్టాలని మేస్త్రీ పిలిచాడు. కొత్త భవనం ముందు, బురదకు మోకాలెత్తున పాత ఉయ్యాలకు కొత్త తాళ్లు కట్టించి ఉంచాడు. ఎడమ చివరకు వేరే జట్టునుంచి వచ్చిన పొడుగాయన ఎక్కాడు. కుడి చివర గాలిపటం ఎక్కాడు. ఎక్కిన తీరు చూసి చుట్టూ ఉన్నవాళ్లు ఈల వేశారు. స్తంభంలా నిలబడ్డాడు మరి.

"చెయ్యి చాపి గోడ అందుకో," అన్నాడు మేస్త్రీ పొడుగాయనతో.

పొడుగాయన చివరకు జరిగి చెయ్యి చాపాడు. చెక్క ఎడమకు దిగిపోయింది. ఆయన కంగారుగా తాడు పట్టుకుని, "అన్నా, తొక్కన్నా!" అని అరిచాడు.

గాలిపటం తొక్కుదామనుకున్నాడు. అనుకునేసరికే ఒళ్లు తనను తాను సర్దేసుకుంది. చెక్క ఎటు ఒరిగితే అటు కాళ్లు మెత్తగా మలుచుకుని అతన్ని నిటారుగా నిలబెట్టాయి. అతను పడలేదు. పొడుగాయన పడ్డాడు, బురదలోకి.

"మళ్లీ ఎక్కండి," అన్నాడు మేస్త్రీ.

మళ్లీ అదే అయింది. ఈసారి గాలిపటం పళ్లు బిగబట్టి, నరాలు తేలేలా కుడికాలు నొక్కాడు. నొక్కాడు గానీ ఆలస్యంగా, పొడుగాయన వెనక్కి వచ్చేశాక. ఉయ్యాల ఈసారి ఇటు ఎగిరిపడింది. పొడుగాయన దిగి ప్యాంటుకంటిన బురద దులుపుకుంటూ, "ఈయనతో నేనెక్కను మేస్త్రీ. ఉయ్యాలమీద ఒక్కడే ఉన్నట్టు నిలబడుతున్నాడు," అన్నాడు.

మేస్త్రీ గాలిపటం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏరా, ఇన్నేళ్ల పని మరిచిపోయావా?"

"లేదు మేస్త్రీ. కొత్తగా నిలబడటం నేర్చుకున్నా," అన్నాడు గాలిపటం.

అది కోతో నిజమో మేస్త్రీకి అర్థం కాలేదు. చేత్తో డబ్బాలవైపు చూపించాడు. ఆ రోజంతా గాలిపటం రేకుల నీడలో కూర్చుని రంగులో నీళ్లు పోసి కర్రతో కలిపాడు. పైన ఉయ్యాల పాకుతూ వెళ్తుంటే తలెత్తలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఎవరో, "గద్దల కథ చెప్పన్నా," అన్నారు. "గద్దలేం లేవు," అన్నాడు. "మా బావ పడ్డాడు. నేను వేలాడాను. అంతే." అడిగినవాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మం పక్క బల్లమీద కూర్చున్నాడు. అక్క గ్లాసుతో నీళ్లు తెచ్చింది. చేతులకంటిన రంగు చూసింది, గోళ్ల సందుల్లోదాకా ఉంది. పైన పనిచేసేవాళ్ల చేతులకి అలా అంటుకోదు.

"ఎక్కలేదా?"

"ఎక్కాను. పడలేదు కూడా. అందుకే వద్దన్నారు."

ఆమె గ్లాసు ఇవ్వబోయి ఆగింది. అప్పుడు గమనించింది, తమ్ముడు ఎక్కడ కూర్చున్నాడో. బల్లకు సరిగ్గా మధ్యలో, రెండు కాళ్లూ సమంగా నేలకు ఆనించి, ఎవరికీ చోటు వదలకుండా.

"కాస్త అటు జరగరా," అంది.

తనూ కూర్చుంటుందేమోనని అతను కుడివైపుకి జరిగాడు. అక్క కూర్చోలేదు. నీళ్ల గ్లాసు బల్లకు ఎడమ చివరన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.