లింగం అసలు ముఖం

సంగమ్మ ఫొటో ఫ్రేమును పాత చీర గుడ్డలో చుట్టుకుని రుద్రారంలో బస్సెక్కి పటాన్‌చెరు వచ్చింది. స్టూడియో తలుపు తోసుకుని లోపలికొచ్చి, మూట కౌంటర్ మీద పెట్టి విప్పింది. అద్దం వెనక హెల్మెట్ పెట్టుకున్న యువకుడు నవ్వుతున్నాడు.

"గీ పిల్లగాడు ఎవ్వడో జెర సూడు బిడ్డా," అంది. "మా ఇంట్ల గోడకున్నడు. దీపం వెడ్దామని పోతే నా దిక్కే సూస్తడు. నాకు బుగులైతుంది."

కౌంటర్ వెనక కూర్చున్న స్టూడియో యజమాని నాగవల్లి, ఫొటో చూసింది. కింద లింగం అని పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.

"మీ అబ్బాయే కదా పెద్దమ్మా?"

"గాదు," అంది సంగమ్మ. "అంగి వానిదే. టోపి వానిదే. చెవులు సుత వానియే. మొఖం వానిది గాదు."

ఆ ఫొటో తీసింది నాగవల్లే. కానీ ఈ కళ్ళు, ఈ నవ్వు తను తీసినట్టు ఆమెకు గుర్తు రాలేదు.

నాగవల్లి పుట్టింది ఇక్కడే, ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో. నాన్న కామేశ్వరరావు తెనాలి నుంచి సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమెకి పెళ్ళి కుదరలేదు. తర్వాత తనకే వద్దనిపించింది. ఒక స్టూడియోలో ఆల్బమ్‌లు అతికిస్తూ పని నేర్చుకుని, పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర సొంతంగా షాపు పెట్టుకుంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లతో పాటు చుట్టుపక్కల కంపెనీల పనులు కూడా ఆమెకే వచ్చేవి. ఫైర్ డ్రిల్లు, విశ్వకర్మ పూజ, సేఫ్టీ వారోత్సవం, ఏదైనా కెమెరా భుజాన వేసుకుని వెళ్ళేది. ఆ పారిశ్రామికవాడలో ఆమెను చూస్తే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు పేరు కూడా అడిగేవాళ్ళు కాదు.

లింగం పనిచేసిన మందుల కంపెనీలోనూ అలాగే ఒక సేఫ్టీ వారోత్సవానికి ఫొటోలు తీసింది. అప్పుడే కోఠిలో ఒక పాత లెన్సు కొనుక్కొచ్చింది. మనిషి ఒక్కడే తేలి, వెనకున్నదంతా కరిగిపోయే లెన్సు. ఆ మోజులో కాంట్రాక్టు కుర్రాళ్ళందరినీ ఒక్కొక్కరినే నిలబెట్టి, ఛాతీ వరకు తీసింది. కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ బాగానే కనబడ్డాయి.

ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీలో రియాక్టర్ పేలింది. లింగం ఇంటికి తెల్ల గుడ్డలో మూట వచ్చింది. విప్పొద్దన్నారు. తల్లి అరిచింది, మొత్తుకుంది. విప్పనివ్వలేదు.

"ఆఖరికి మొఖం గూడ సూపియ్యలె బిడ్డా," అంది సంగమ్మ. "గందుకే ఫొటో పెద్దగ కావాలన్న. పెండ్లి ఫొటో ఉన్నది గని, అండ్ల బాసింగం, పసుపు, తలకాయ కిందికేసుకున్నడు. పెండ్లి బట్టల ఫొటోకు దండ ఎట్లేస్తం? వాని ఫోను వానితోనే కాలిపాయె. నా కోడలు దగ్గర డబ్బ ఫోను. కంపెనీల తీసిన ఫొటో ఇచ్చిన్రు, అదే ఉన్నది. అది మసక మసకగున్నదని మా కోడలు శ్రీశైలానికిచ్చింది. గీ మొఖం గాయనే తయారు జేసిండు."

శ్రీశైలానికి రుద్రారంలో యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపుంది. నాగవల్లి ఫోన్ చేస్తే అతను దాచలేదు. "మసకగుండె మేడం. పాపం అనిపించింది. ఫోన్ల ఒక యాప్ ఉన్నది, అండ్ల ఏస్తే సాఫ్ అయింది. పైసలు సుత తీస్కోలె," అన్నాడు.

నాగవల్లి ఆనాటి ఫొటోలున్న డిస్కు వెతికి, కంప్యూటర్‌కి తగిలించి లింగం ఫొటో పెద్దది చేసింది. సంగమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. చెవి తమ్మె స్పష్టంగా ఉంది. హెల్మెట్ పట్టీ నేత, కాలర్ మీది కుట్టు దారం దారంగా కనబడుతున్నాయి. కళ్ళూ ముక్కూ పెదాలూ మాత్రం నీళ్ళలో మునిగినట్టున్నాయి. కెమెరా ముఖాన్ని వదిలేసి, బెత్తెడు వెనక ఆగింది. ఆ మసకలో యాప్ తనకు తోచిన కళ్ళు పెట్టింది, తనకు తోచిన నవ్వు పెట్టింది.

మిగతా కుర్రాళ్ళ ఫొటోలూ తెరిచి చూసింది. అందరివీ చెవులే.

"నా లెన్సులో లోపముంది పెద్దమ్మా. నేను చూసుకోలేదు," అంది నాగవల్లి.

సంగమ్మకి ఆ మాట పట్టలేదు. తెర మీది మసకను వేలితో తుడవబోయింది.

మర్నాడు పొద్దున్నే నాగవల్లి కెమెరాను స్టాండుకి బిగించింది. ఎదురుగా నలుపు తెలుపు గళ్ళ అట్ట నిలబెట్టి, దాని పక్కన స్కేలును ఏటవాలుగా ఆనించింది. గళ్ళ మీద గురిపెట్టి నొక్కితే కెమెరా బీప్ మంటూ సరే అంది. ఫొటోలో చూస్తే గళ్ళు అలుక్కుపోయాయి. స్కేలు మీద వెనక వైపున్న గీతలు సూదుల్లా ఉన్నాయి. అలాంటి కెమెరాల్లో గురి చూసే కన్ను ఒకటి, బొమ్మ పట్టే కన్ను ఇంకొకటి. కొన్ని లెన్సులతో ఆ రెంటికీ పొత్తు కుదరదు. ఆ తేడాను కెమెరా సెట్టింగుల్లోనే కొంచెం ముందుకో వెనక్కో జరిపి సరిచేసుకోవచ్చు. ఆమె జరిపి తీసింది, మళ్ళీ జరిపి తీసింది. చివరికి గళ్ళు గళ్ళలా నిలిచాయి.

పని అయిపోయింది. కానీ ఆమె లేవలేకపోయింది. ఈ లెన్సు ఇన్నాళ్ళూ మనుషుల వెనకే చూసింది. అయితే ఆ వెనక ఎవరున్నారు?

దగ్గర నుంచి తీస్తే బెత్తెడు తప్పింది. దూరం నుంచి తీస్తే ఒక అడుగో, అంతకన్నా ఎక్కువో తప్పి ఉండాలి. అంటే ఎవరి మీద గురి పెట్టిందో వాళ్ళు కాదు, వాళ్ళ వెనకున్న వాళ్ళు నిలిచి ఉండాలి. ఆ లెన్సుతో తీసిన ఫొటోలన్నీ మొదటి నుంచి తెరిచింది. పెళ్ళికూతురి వెనక ఎవరో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. కేక్ కోస్తున్న చంటిదాని వెనక తాత, గోడకు ఒరిగి, ఎటూ చూడకుండా చూస్తున్నాడు. ఆ తాత తర్వాత కొద్దిరోజులకే పోయాడు, ఆ ఇంటివాళ్ళే చెప్పారు. వీళ్ళెవరినీ ఆమె నిలబడమనలేదు, నవ్వమనలేదు. తన కళ్ళతో చూడనైనా లేదు. ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వాళ్ళు తెర మీదికి వస్తున్నారు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద లారీల హారన్లు. అయినా లేచి షాపు తలుపు బార్లా తెరిచి వచ్చి కూర్చుంది.

కంపెనీ ఫొటోల్లో మేనేజరు ఎవరికో బహుమతి ఇస్తున్నాడు. మేనేజరు ముఖం మసక. ఆయన భుజం వెనక బహుమతుల పళ్ళెం పట్టుకుని లింగం నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రమే ప్రింటు తీసుకుని రుద్రారం వెళ్ళింది. లింగం భార్య జ్యోతి హాస్టల్ మెస్‌లో పని ముగించుకుని అప్పుడే వచ్చింది. నాగవల్లి ప్రింటును సంగమ్మ చేతిలో పెట్టింది. సంగమ్మ దాన్ని గుమ్మం దగ్గరికి, వెలుగులోకి పట్టుకుపోయింది. ముక్కు పక్కన అమ్మవారు పోసినప్పటి గుంట మీద వేలు పెట్టింది.

"వీడు," అంది. "వీడు నా కొడుకు."

కూర్చుండిపోయి, ప్రింటును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నాగవల్లికి గుండె బరువు కొంత దిగినట్టే అనిపించింది. కానీ ఏడుపు ఆగాక సంగమ్మ మళ్ళీ ఫొటో చూసింది.

"గిటు ఏం జూస్తున్నడు బిడ్డా?"

లింగం కెమెరా వైపు చూడటం లేదు. బహుమతి వైపూ చూడటం లేదు. తల పక్కకు తిప్పి, పైకి, ఫొటోలో పడని దేన్నో చూస్తున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అందరూ చప్పట్లు కొడుతున్న చోట అతనొక్కడే ఇంకేదో విన్నవాడిలా ఉన్నాడు.

"ఏమో పెద్దమ్మా. నేను అప్పుడు చూడలేదు."

జ్యోతి వచ్చి చూసి, వెంటనే ముఖం తిప్పుకుంది. "నాకు గీ ఫొటో వద్దక్కా. గీ సూపు నాకొద్దు. గా నవ్వే ఫొటోనే ఉండనియ్యిండ్రి."

"అది వాడు గాదే!" అంది సంగమ్మ.

"కాకపాయె అత్తమ్మా. నవ్వుతుండు గద."

నాలుగేళ్ళ తనుశ్రీ వాళ్ళ మధ్యలోంచి వచ్చి కొత్త ఫొటో చూసింది. "ఇదెవరు?" అని అడిగింది. "మీ నాయన," అంది సంగమ్మ. పిల్ల గోడ మీది ఫ్రేము వైపు వేలు చూపించింది. "నాయన గక్కడున్నడు."

జ్యోతి పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నాగవల్లికి ఆ చూపు వదల్లేదు. ఆ వారోత్సవం రోజునే ఇంకో లెన్సుతో తీసిన వెడల్పాటి ఫొటోలు ఉంటాయేమోనని వెతికింది. ఒకదాంట్లో లింగం చూసిన వైపు పడింది. రేకుల షెడ్డు, దాని మీదుగా పోయే పైపు, పైపు మీద పావురాలు. అంతే. సంగమ్మ మళ్ళీ స్టూడియోకి వచ్చినప్పుడు అదే చెప్పింది.

"పావురాలను చూస్తున్నాడేమో పెద్దమ్మా."

"పావురాలను గట్ల సూస్తరా?" అంది సంగమ్మ.

అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఆ షెడ్డు పేలుడులోనే పోయింది. లింగం పక్కన నిలబడ్డ ఇద్దరూ లేరు. ఆ రోజు ఆ పళ్ళేనికి ఎదురుగా, అతన్ని చూడగలిగేంత దూరంలో నిలబడ్డది తనే. ఏదైనా చప్పుడు వినబడిందా, ఏదైనా వాసన వచ్చిందా అని నాగవల్లి ఎంత తవ్వుకున్నా, మేనేజరు టై వంకరగా ఉందని సరిచేసుకోమన్నది తప్ప ఏమీ గుర్తు రాలేదు.

రుద్రారం ఇంట్లో ఇప్పుడు రెండు ఫొటోలున్నాయి, ఎదురెదురు గోడలకు. అత్తాకోడళ్ళు కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. తర్వాత కలిసిపోయారు గానీ, ఫొటోలు మాత్రం అలాగే ఉన్నాయి. సంగమ్మ అసలు కొడుకు ముందు దీపం పెడుతుంది. తనుశ్రీ అంగన్‌వాడీకి పోతూ నవ్వే ఆయనకి టాటా చెబుతుంది.

నాగవల్లి దగ్గరికి కంది నుంచీ ముత్తంగి నుంచీ ఫొటోగ్రాఫర్లు లెన్సులు సరిచేయించుకోవడానికి వస్తారు. ఆమె చేసిస్తుంది. తన లెన్సులన్నీ ఎప్పుడో సరిచేసుకుంది. అయినా పెళ్ళిలోనైనా కంపెనీలోనైనా, నొక్కే ముందు కెమెరా దించి, వెనక నిలబడ్డ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తుంది. ముందున్న వాళ్ళు విసుక్కుంటారు. ఒక కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలవలేదు కూడా.

మొన్న వానలు మొదలయ్యే ముందు సంగమ్మ నేత చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది.

"నా ఫొటో తియ్యి," అంది.

"ఎందుకు పెద్దమ్మా? ఆధార్‌కా?"

"గోడకు. నేను పోయినంక నాకు ఇంకోల్ల మొఖం పెడితే? మా తనుశ్రీ ఇంకో ముసల్దానికి దండం వెడితే? ఇప్పుడే తియ్యి."

నాగవల్లి ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. నవ్వమని అనలేదు. కంటి మీద గురిపెట్టి నొక్కింది. తెర మీద పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకలు, కంటి కొసన ముడతలు, గడ్డం మీది పచ్చబొట్టు చుక్క అన్నీ చూసుకుని, కెమెరా ఆమె చేతికిచ్చింది.

సంగమ్మ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసుకుంది.

"గింత ముసల్దాన్నయిన్నా నేను?" అంది. ఆమె గొంతులో దిగులు లేదు. "మంచిగనే వచ్చింది. ఇంకోటి తియ్యి. గీసారి మా కోడలును సుత పిలుస్త, బయట నిలవడ్డది."

జ్యోతి నిజంగానే తలుపు బయట, చెప్పులు విప్పకుండా నిలబడి ఉంది.