గేరు పడదన్న మా బావ

మొన్న మంగళవారం పొద్దున మా బావ పోయాడు. ఆయన మా ఆయనకు అన్న. ఇబ్రహీంపట్నంలో పాతవాళ్లకు ఆయన దొర కారు డ్రైవరుగా గుర్తు. ఇప్పటివాళ్లకు చాయ్ హోటలు దాకా కుంటుకుంటూ వచ్చే పెద్దమనిషి. ఆ కుంటు ఎక్కడిదో నేను చెప్పాలి. నా వల్లనే వచ్చింది.

సంఘం వాళ్లు దొరల భూములు పేదలకు పంచుతున్న రోజుల్లో మా దొర పట్నం పారిపోయాడు. పోలీసు చర్య అయ్యాక తిరిగి వచ్చి, తన గడీ వాకిట్లోనే పోలీసు క్యాంపు పెట్టించాడు. చుట్టుపక్కల ఊళ్లలో దాక్కున్న సంఘం కుర్రాళ్లను పట్టడానికి దొర కారు కావాలన్నారు. నడపాల్సింది మా బావ.

మర్నాటి నుంచే ఆ కారు మొరాయించింది. గేరు వేయబోతే లోపల పళ్లు గరగరమని అరిచేవి. క్యాంపు జమేదారు తానే కూర్చుని రెండు చేతులతో గుంజినా పడలేదు.

"పళ్లు అరిగినయ్ సాబ్. పట్నంల సామాను దొరకాలె" అన్నాడు బావ.

అరిగిందేమీ లేదు. క్లచ్ పెడల్‌కు కలిపే కడ్డీ నట్టును ఆయనే వదులు చేశాడు. ఎంత తొక్కినా క్లచ్ విడవదు, ఇంజను తిరుగుతుంటే గేరు పడదు. ఇంజను ఆపి వేస్తే మాత్రం మెత్తగా పడిపోతుంది. ఆ సంగతి జమేదారుకు ఎప్పుడు తడుతుందోనని బావకు అన్నం సయించేది కాదు. ఇంట్లో మా ఆయనకూ నాకూ మాత్రమే చెప్పాడు.

అప్పుడే నాకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. "పట్నం దవాఖానకు కొంచబోండ్రి. లేకుంటే ఇద్దరూ దక్కరు" అంది. మా ఆయన ఎడ్లబండి కట్టబోయాడు.

"బండిల పోతే తొవ్వలనే పానం పోతది. మంచం ఎత్తి గడీకి తీస్కరా" అన్నాడు బావ.

"అన్నా, నిన్ను బతకనియ్యరు!"

"తీస్కరమ్మన్న గద!"

గడీ వాకిట్లో మంచం మీద పడుకుని చూశాను. నట్టు బిగించే పాన పట్టుకుని అందరి ఎదుటే కారు కిందికి దూరాడు. ఒళ్లంతా దుమ్ముతో లేచి వచ్చి, ఇంజను పెట్టి గేరు వేశాడు. చప్పుడే లేదు.

దొర మెట్లు దిగి వచ్చాడు. "పళ్లు అరిగినయంటివి గదరా?"

"దవాఖాన నుంచి వచ్చినంక అడుగుండ్రి దొరా."

జమేదారు తుపాకీ ఎత్తాడు. దొర ఆపాడు. "పోనీయ్. యాడికి పోతడు? ఆలుపిల్లలు ఈడనే ఉన్నరు."

దారంతా బావ నన్ను పలకరిస్తూనే ఉన్నాడు. "జర ఓర్చుకో బిడ్డా, మన్నెగూడ దాటినం." ఆ సాయంత్రం దవాఖానలో నా కూతురు పుట్టింది.

బావ కారుతో తిరిగి వెళ్లాడు. క్యాంపులో ఆయన ఎడమ మోకాలు విరగ్గొట్టారు. బాగైన ఆ కారునే వేరే డ్రైవరు కొంగరకలాన్ ఊరికి తోలుకుపోయాడు. అక్కడ దాక్కున్న ఇద్దరు సంఘం కుర్రాళ్లను పట్టి తెచ్చారు. ఒకడు జైలు నుంచి ఇల్లు చేరాడు. రెండోవాడు రాలేదు.

బావ మళ్లీ స్టీరింగు పట్టలేదు. హోటలు దగ్గర లారీవాళ్లు గేరు గట్టిగా ఉందని అడిగితే చెప్పేవాడు: "ఇంజను ఆపి ఏసి సూడు. అప్పుడు పడితే గేరు మంచిదే, క్లచ్ విడుస్తలేదు. ఉత్తగ గుంజకు." చెప్పి, చాయ్ తాగకుండానే ఇంటిదారి పట్టేవాడు. నా కూతురికి జేబు నిండా పుట్నాలు తెచ్చేవాడు కానీ, ఎన్నడూ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మళ్ల గట్లనే అయితే ఏం చేస్తవు బావా?"

"మళ్ల నట్టు బిగిస్త" అన్నాడు. మోకాలు పట్టుకుని లేస్తూ, "గా పిలగాని తల్లికి మాత్రం మొకం సూపలేను" అన్నాడు.

మొన్న ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు కొంగరకలాన్ నుంచి ఒక ముసలవ్వ ఎండలో నడిచి వచ్చింది. తిరిగిరాని ఆ కుర్రాడి తల్లి. చూసినవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె బావ ముఖం చూసింది. ఏడవలేదు.

"గాయన దవాఖానకు కొంచబోయిన నాడు పుట్టిన పిల్ల ఏది?" అని అడిగింది.

నా కూతురు ముందుకు వచ్చింది. అవ్వ దాని ముఖం తడిమి, పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. పాడె లేచింది, సందు మలుపు తిరిగింది, డప్పుల చప్పుడు కూడా వినబడకుండా పోయింది. అవ్వ ఆ చెయ్యి వదల్లేదు.