మేడ్చల్‌లో సముద్రాన్ని వడగట్టించిన మేడం

మా మైక్రోబయాలజీ మేడం పోయిన వారం యాప్రాల్‌లోని తన ఇంట్లో కన్నుమూశారు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త పడ్డాక గంటసేపు ఎవరూ ఒక్క స్టిక్కర్ కూడా పెట్టలేదు. మా బ్యాచ్‌ను ఎరిగినవాళ్లకు అది ఎంత పెద్ద సంతాపమో తెలుస్తుంది.

మా కాలేజీ ఉన్న మేడ్చల్‌కు సముద్రం లేదు. శామీర్‌పేట చెరువు ఉంది గానీ మేడం కంటికి అది ఆనలేదు. చర్చివాళ్లతో సూర్యలంక బీచ్‌కు వెళ్లినప్పుడు అందరూ గవ్వలు ఏరుకుంటే, ఈవిడ క్యాన్ నిండా సముద్రపు నీళ్లు పట్టి, ఐస్ డబ్బాలో పెట్టి బస్సెక్కించారు. పాస్టరమ్మ "గా నీళ్లెందుకక్కా?" అంటే, "ఇండ్ల పులులున్నయి" అన్నారట. పాస్టరమ్మ వెనక సీటుకు మారిందట.

పులులంటే కంటికి కనిపించని ఏకకణ జీవులు. తోక ఆడిస్తూ ఈదుతాయి, తమకన్నా చిన్నవైన బాక్టీరియాను మింగుతాయి. అవి తిని విడిచిన దాంతో సముద్రంలో నాచు బతుకుతుంది. ఈ పులుల్ని ఇంకాస్త పెద్ద ప్రాణులు తింటాయి, అలా చేప దాకా. మేడం అయితే ఒక్క ముక్కలో తేల్చేవారు: "చేపకు బాక్టీరియా పంటి కిందికి గూడ రాదు. నడుమ ఎవలో ఒకలు ముద్ద జేసి పెట్టాలె."

ఆ పులుల తిండిని కొలవడమే నా చివరి ఏడాది ప్రాజెక్టు. పాసైతేనే డిగ్రీ. రెండు సీసాలు పెట్టాలి. ఒకదాంట్లో క్యాన్ నీళ్లు అలాగే పోయాలి. రెండోదాంట్లో, బాక్టీరియా దిగిపోయి పులులు పైనే ఆగిపోయేంత సన్నటి ఫిల్టరుతో వడగట్టి పోయాలి. పులులున్న సీసాలో బాక్టీరియా తగ్గాలి, లేని సీసాలో పెరగాలి.

ఆ వడపోత చుక్కచుక్కగా దిగుతుంది. కొంపల్లిలో సినిమా మాత్రం టైముకే మొదలవుతుంది. రెండు సీసాల్లోనూ వడగట్టని నీళ్లే పోసి వెళ్లిపోయాను. తర్వాత రోజూ లెక్కపెడితే రెండింట్లోనూ బాక్టీరియా తగ్గుతూ వచ్చింది. రికార్డులో మాత్రం సొంత ప్రతిభతో రెండో సీసా గ్రాఫు గీతను పైకెక్కించాను.

మేడం చూశారు. "మస్తు సక్కగున్నది గీత. సముద్రంల గింత సక్కగ ఏదీ నడువది." రెండో సీసాలోంచి చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. తోక ఆడిస్తూ ఒకటి పోతోంది.

"వడగట్టిన సీసాల వీనికేం పని రా?"

ఒప్పుకున్నాను.

"దొంగలెక్క కొట్టెయ్. అసలు లెక్క రాయి. ఎందుకట్లయిందో గూడ రాయి."

"సినిమా గూడనా మేడం?"

"టికెట్ గూడ అంటించు. ఇగ మల్ల వడగట్టు."

క్యాన్ అడుగున మిగిలిన నీళ్లతో మళ్లీ మొదలుపెట్టాను. ఆఖరి చుక్క దిగేదాకా మేడం పక్కనే స్టూలు మీద కూర్చుని పేపర్లు దిద్దుకున్నారు. వారంలో వడగట్టిన సీసాలో బాక్టీరియా పెరిగింది. నేను నెట్టకుండానే పైకెక్కిన మొదటి గీత అది. ఇంట్లో ఫ్రేము కట్టించుకున్నాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు వేలు సరిగ్గా ఆ సినిమా పేజీ మీదే ఆగింది.

"ఇదేంది?"

"వడగట్టకుండ సినిమాకు వోయిన సార్."

ఆయన మేడం వైపు తిరిగారు. "గిసొంటోన్ని పాస్ జెయ్యాల్నా మేడం?"

"ఆ పేజీ నేనే ఉంచమన్న సార్. పులులుంటే బాక్టీరియా ఏమైతదో అందరు ఒక్కపారి జూపిస్తరు. మావోడు రెండుసార్లు జూపించిండు."

సారు కాసేపు ఆ రెండు గీతలనూ చూసి, మైక్రోస్కోప్ మీదికి వంగారు. ఆయన వీపు వెనక నిలబడి, మొహంలో నవ్వన్నది లేకుండా, మేడం నాకు రెండు వేళ్లు చూపించారు.