రెండడుగుల నీళ్లు

మా ఆవిడ ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే గురక పెట్టడం కూడా మొదలుపెట్టింది. అంతకుముందు మా ఇద్దరికీ సరిగ్గా నిద్ర పట్టేది కాదు. గ్యాస్ బండ కట్టేశామా, తలుపు గడియ పెట్టామా, పైన ట్యాంకు నిండి కారుతోందా అని ఒకరికొకరు గుర్తుచేసుకుంటూ పడుకునేవాళ్లం. మా సంసారంలో ఉన్న అన్యోన్యతలో చాలా భాగం అదే. ఆమె కుట్టుపని చేసే బట్టల కంపెనీలో పక్క మిషను మీద కూర్చునే మనిషి ఒకామె ఆమెను నాచారంలో తమ ప్రార్థనకు తీసుకెళ్లింది. ఆ తర్వాత మా ఆవిడ మంచం మీద వాలడమే ఆలస్యం, గురక. భయపడే డ్యూటీ మొత్తం నా ఒక్కడి మీద పడింది.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు, మెట్రో పిల్లర్లూ లేవలేదు. మేం ఉప్పల్‌లో అద్దెకుండేవాళ్లం. నేను నాచారం పారిశ్రామికవాడలో నీళ్ల ట్యాంకులు, ట్యాంకర్ బాడీలు తయారుచేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి, ఇప్పటికీ అక్కడే. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం షెడ్డులోనే, రేకుల మీద చాక్‌పీసుతో గీస్తూ నేర్చుకున్నాను. నలుచదరపు తొట్టి, గుండ్రటి డ్రమ్ము, కోడిగుడ్డు ఆకారపు ట్యాంకర్, ఏది చూపించినా ఎన్ని లీటర్లు పడుతుందో చెప్పేవాణ్ణి. చిక్కేమిటంటే, షెడ్డు షట్టర్ దించినా నా తల షట్టర్ దిగేది కాదు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను బరువెంత, దాని కొక్కెం ఎంత లావు, ఎన్నేళ్ల తుప్పు అని లెక్కవేసి, ఒకవేళ ఊడిపడితే కాళ్ల మీదే పడేలా మంచం జరిపి పడుకునేవాణ్ణి. కాళ్లు పోయినా లెక్కలు చెప్పుకొని బతకొచ్చని నా ఉద్దేశం.

మా ఆవిడకు దొరికిన చిట్కా ఏమిటో కనిపెడదామనే నేను మొదటిసారి ఆ ప్రార్థనకు వెళ్లాను. దేవుడి కోసం కాదు, గురక కోసం. పిండి గిర్నీకీ బ్యాటరీల దుకాణానికీ మధ్య సందులో, రేకుల కప్పుతో ఒక పొడుగాటి గది. పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవారు. గుంటూరు వైపు మనిషి, నిండైన విగ్రహం. మొదటి రోజు ఆయన చింత గురించే చెప్పారు. ఆకాశంలో ఎగిరే పిట్టలు రేపటి కోసం బెంగపడవనీ, వాటిని పోషించేవాడే మనల్నీ పోషిస్తాడనీ చెప్పారు. మా షెడ్డు రేకుల మీద పావురాలను నేను రోజూ చూస్తాను. ఒక్క గింజ తినే లోపు చుట్టూ పదిసార్లు చూస్తాయి. అయ్యగారు పావురాలను సరిగ్గా గమనించలేదనుకున్నాను.

ఆ ప్రార్థనలో ఒక పద్ధతి ఉండేది. ఆరాధన చివర్లో ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకుంటే అందరూ దాని కోసం ప్రార్థన చేస్తారు. బాధ చెప్పుకొమ్మని నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. నేను ఫ్యాను కొక్కెంతో మొదలుపెట్టి, ఎనభై ఎనిమిదో నంబరు బస్సు బ్రేకుల మీదుగా, షెడ్డులో వెల్డింగు సిలిండర్ల దాకా కొలతలతో సహా చెప్పాను. ప్రార్థించేవాళ్లకు వివరాలు కావాలి కదా. మూడో ఆదివారం అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, వారానికి ఒక్క మనవి చాలు బ్రదర్, మిగతావి దేవుడికి ఎలాగూ తెలుసు అన్నారు. ముఖ్యమైనది ఏదో ఎంచుకోవడానికే వారమంతా పట్టేది. ఇప్పుడు ఆలోచిస్తే, మిగతావి ఆయనకు తెలుసులే అని వదిలెయ్యడం నాకు అక్కడే అలవాటైంది.

నన్ను అక్కడ నిలబెట్టింది మాత్రం పాటలూ కాదు, ప్రసంగాలూ కాదు, ఒక ముసలామె. ఉప్పల్ మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు. మోకాళ్లు పనిచెయ్యవు, ఒక కన్ను సరిగా కనపడదు, భర్త పోయి చాలా కాలమైంది, ఇల్లు కూడా వాన పడితే కారేదే. ఆమె నవ్వితే గిర్నీ దాకా వినిపించేది. అయ్యగారు ఏ వాక్యం చెప్పినా మధ్యలో దేవుడి మీద ఒక జోకు వేసేది, తర్వాత కళ్లు మూసుకొని చిన్నపిల్లలా ఆయనతోనే మాట్లాడేది. ఆమె ఆరోగ్యం, ఆస్తి, అయినవాళ్లు, అన్నీ కలిపి చూశాను. ఎలా కలిపినా మొత్తం ఆమె నవ్వుకు సరిపోవడం లేదు. లెక్కలో కనిపించని అంకె ఏదో ఒకటి ఉండితీరాలి. ఆ అంకె కోసం వెతుకుతూ వెతుకుతూ, ఎప్పుడో తెలియకుండానే నేను కూడా నమ్మేశాను. ఫలానా రోజున వెలుగు కనిపించింది లాంటిదేమీ లేదు. ఒకరోజు బస్సులో బ్రేకుల సంగతి మరిచిపోయి హబ్సిగూడ దాకా వచ్చేశాను, అంతే.

అయితే నమ్మడం ఒకటి, మునగడం ఒకటి. మా ప్రార్థనలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే, అంటే నీళ్లలో నిండా మునిగి లేచినవాళ్లకే, ప్రభువు బల్ల. నెలకు మొదటి ఆదివారం రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం చిన్న గ్లాసులు వరస వెంట వచ్చేవి. మా ఆవిడ ఎప్పుడో మునిగింది. ఆమె తన ముక్క తీసుకొని పళ్లెం నాకిచ్చేది, నేను ముట్టుకోకుండా పక్కవాళ్లకు అందించేవాణ్ణి. బస్సులో ఒకరి చిల్లర ఇంకొకరికి అందించినట్టు ఉండేది. ఆమె నమలడం నాకు వినపడేది. ఇంట్లో ఒకే కంచంలో తినే మనిషి పక్కన కూర్చొని, అక్కడ ఆ చిన్న ముక్క తినలేకపోవడం నాకు చాలా కష్టంగా ఉండేది. నాకూ ఆ ముక్కకూ మధ్య అడ్డం ఒకటే, నీళ్ల కింద రెండు మూడు క్షణాలు. ముక్కు మీదకు నీళ్లొస్తే నాకు ప్రాణం పోయినట్టే. స్నానం చేసేటప్పుడు కూడా తల మీద చెంబు వంచే ముందు నోరు తెరిచి పెట్టుకుంటాను. షెడ్డులో ట్యాంకు లోపలికి దిగి చూడమంటే ఇంకొకర్ని దింపేవాణ్ణి.

కొన్ని చర్చిల్లో నెత్తి మీద నీళ్లు చల్లి సరిపెడతారని తెలిసి, అటు మారితే ఎలా ఉంటుందని ఇంట్లో మెల్లగా కదిపాను.

“నెత్తి మీద నీళ్లు సల్లేది సెలూన్ల గూడ సల్తరు,” అంది మా ఆవిడ. “గడ్డం గూడ గీస్తరు. పో.”

చివరికి ఆ ఎండాకాలం బాప్తిస్మానికి నేనే పేరు ఇచ్చాను. మందిరం వెనక సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. ఎప్పుడూ మూడడుగుల మట్టానికి నింపేవారు. ఆ ఏడు సందులో బోర్లన్నీ ఎండిపోయాయి, నల్లా నీళ్లు వచ్చిన రోజు పండగ. ట్యాంకర్ తెప్పించక తప్పలేదు. నీళ్ల లెక్క కాబట్టి పెద్దలు నన్నే అడిగారు.

నేను చాక్‌పీసు తీసుకొని తొట్టి గోడ మీదే లెక్క వేశాను. మూడడుగులైతే దాదాపు మూడు వేల నాలుగు వందల లీటర్లు. రెండడుగులైతే రెండు వేల రెండు వందల అరవై చాలు. ట్యాంకర్ అయిదు వేలది. రెండడుగులతో ఆపితే మిగిలే నీళ్లు నూట ఎనభై బిందెలు, సందులో ఇంటింటికీ పంచొచ్చు. అయ్యగారు దిగినప్పుడు నీళ్లు ఎంత పైకి లేస్తాయో కూడా లెక్కవేశాను. ఆయన కాళ్ల లావును బట్టి చిటికెన వేలి మందంలో సగం. అదీ కలిపితే రెండడుగులు ధారాళంగా సరిపోతాయని తేల్చాను. నిలబడితే నా తొడ సగం దాకా కూడా రావు. పైన నేనున్నాను, కింద నీళ్లున్నాయి, మధ్యలో బోలెడంత గాలి. పొరుగువారి మీద ఇంత ప్రేమ ఉన్న సోదరుణ్ణి చూడలేదని పెద్దలు మెచ్చుకున్నారు. సందంతటికీ కబురు వెళ్లింది. మా ఆవిడ మాత్రం ఇంటికి వచ్చేదాకా ఆగి, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా అంది.

“గా రెండడుగులు సందు కోసమో, నీ ముక్కు కోసమో నాకు ఎరుకే.”

ఆదివారం పొద్దున ట్యాంకర్ వచ్చింది. తొట్టిలో నా గీత దాకా నింపి, పైపు సందులోకి తిప్పారు. ఆడవాళ్లు బిందెలతో వరసకట్టారు. వాళ్లలో మా ప్రార్థనకు వచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో, మిగతావాళ్లు బొట్టు పెట్టుకున్నవాళ్లే. నీళ్లు పట్టుకున్నాక కూడా వెళ్లకుండా, బిందెలు చంకన పెట్టుకొని పిట్టగోడ పక్కన నిలబడ్డారు. తెల్ల బట్టలు కట్టుకొని నీళ్లలోకి దిగే మనుషులను ఊరికే చూసే అవకాశం ఎవరు వదులుకుంటారు. అవ్వ తొట్టి గట్టు పక్కనే స్టూలు వేయించుకొని కూర్చుంది. ఎవరు పూర్తిగా మునిగారో, ఎవరు మునగలేదో చెప్పే పని ఆమెది. ఒక్క వెంట్రుక బయట ఉన్నా ఒప్పుకునేది కాదు.

నాకంటే ముందు ఇద్దరు దిగారు. సన్నటి మనుషులు. నిలబడి వెనక్కి వాలడానికి నీళ్ల లోతు చాలక, అయ్యగారు వాళ్లను కూర్చోబెట్టి వెనక్కి పడుకోబెట్టారు. ఇద్దరూ రాళ్లలా మునిగి లేచారు. నేను దిగాను. కూర్చున్నాను. అయ్యగారు ఒక చెయ్యి నా వీపు కింద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టి తండ్రి పేర, కుమారుని పేర అంటుండగానే, నేను జన్మలో ఎన్నడూ పీల్చనంత గాలి పీల్చి బిగించాను.

మునగలేదు. తల కిందికి వెళ్తే మోకాళ్లు పైకి తేలాయి. మోకాళ్లు నొక్కితే తల తేలింది. లాల్చీలో గాలి చేరి బెలూన్‌లా ఉబ్బింది. మూడడుగుల నీళ్లలో అయితే మోకాళ్లు వంచి వాల్చేస్తే ఒక్క క్షణంలో అయిపోయే పని. గాలి బిగించిన ఖాళీ డ్రమ్మును నీళ్లలో ముంచడం ఎంత కష్టమో ట్యాంకులు చేసేవాడికి తెలియాలి. అయ్యగారి కాళ్లు లెక్కవేశాను గానీ నా ఊపిరితిత్తులను లెక్కలోకి తీసుకోలేదు.

“కాలేదు,” అంది అవ్వ.

రెండోసారి అయ్యగారు దాదాపు నా మీద వాలారు. నేను ఇంకా ఎక్కువ గాలి పీల్చాను. తల మునిగింది, మొహం మునిగింది, పొట్ట మాత్రం ద్వీపంలా బయటే ఉండిపోయింది. లేచాక అయ్యగారు ఆయాసపడుతూ అన్నారు.

“బ్రదర్, కాస్త ఊపిరి వదలండి.”

“ఇడిసిపెడితే మళ్ల దొరుకుతదా అయ్యగారూ?”

నేను నిజంగానే అడిగాను. పళ్లు టకటకలాడుతున్నాయి, చలికి కాదు, అది మే నెల. ఇక లేచి వెళ్లిపోదామని గట్టు పట్టుకున్నాను. వచ్చే నెల పళ్లెం కూడా పక్కవాళ్లకు అందిద్దాం, బతికి ఉండి అందిద్దాం అనుకున్నాను. మా ఆవిడ వైపు చూశాను. చేతిలో నా పొడి తువ్వాలు పట్టుకొని నిలబడింది, నేను మునిగే లేస్తానన్నట్టు.

“పొట్ట ఇంకా లోకంలనే ఉన్నది అయ్యగారూ,” అంది అవ్వ స్టూలు మీంచి. “గిట్ల ఇడిసిపెడితే తలకాయ పరలోకం పోతది, పొట్ట ఉప్పల్‌ల దిగుతది.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, గట్టును వదల్లేదు. అప్పుడు పిట్టగోడ పక్క నుంచి, బొట్టు పెట్టుకున్న ఒకామె, చంకలో నిండు బిందెతో, మా ఆవిడను చాలా మర్యాదగా అడిగింది.

“వదినా, మాకిచ్చిన నీళ్లు మళ్ల తెచ్చి పొయ్యాల్నా? గా మనిషి మునిగేటట్టు లేడు.”

నా పొట్టలోంచి నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, కుదరలేదు. నూట ఎనభై బిందెలూ వరసగా వెనక్కి వస్తున్నట్టు కళ్ల ముందు కనిపించింది. చెయ్యి గట్టు మీంచి జారింది. బిగించిన గాలంతా ఒక్కసారి బయటికి పోయింది, అయ్యగారు ఆ క్షణం వదల్లేదు. నవ్వుతూ నవ్వుతూనే వెళ్లి తొట్టి అడుగున పడ్డాను. వీపుకు సిమెంటు తగిలింది. నోట్లోకీ ముక్కులోకీ నీళ్లు వెళ్లాయి. నేను ఎంత భయపడ్డానో సరిగ్గా అదే జరిగింది, అక్కడ నాకు ఏ భయమూ కనపడలేదు. పైన బుడగలు వెళ్తున్నాయి. నేను వాటిని లెక్కపెట్టలేదు. కింద నేల ఉంది, వీపు కింద ఒక చెయ్యి ఉంది, అది చాలనిపించింది.

లేచి దగ్గుతూ కూర్చున్నాను. “ఇప్పుడు మునిగిండు,” అంది అవ్వ. సందంతా చప్పట్లు. మా ఆవిడ తువ్వాలు నా తల మీద వేసి, అవసరమైనదాని కంటే కొంచెం గట్టిగానే తుడిచింది.

ఆ తర్వాత నా భయాలన్నీ పోయాయని సాక్ష్యం చెప్తే అవ్వ స్టూలు మీంచి లేచి కొడుతుంది. ఇప్పటికీ బస్సెక్కితే చెవి బ్రేకుల మీదే ఉంటుంది. షెడ్డులో సిలిండర్ల గొలుసులు రోజూ చూస్తాను, చూడాలి కూడా. కానీ లెక్క పూర్తయ్యాక ఇదివరకటిలా మళ్లీ మొదట్నుంచి వెయ్యను. ఊపిరి బిగుస్తున్నట్టు అనిపిస్తే, కాస్త వదలండి బ్రదర్ అన్న మాట గుర్తొస్తుంది, వదులుతాను. వదిలిన ప్రతిసారీ కింద ఆ చెయ్యి ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ లేకుండా పోలేదు. ఫ్యాను కొక్కెం మార్పించాను, మంచం మాత్రం మళ్లీ దాని కిందికే జరిపాను, గాలి అక్కడే బాగా వస్తుంది. నేను కూడా గురక పెడుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు.

నేను మునిగిన మరుసటి నెల మొదటి ఆదివారం పళ్లెం వచ్చింది. మా ఆవిడ తన ముక్క తీసుకొని నాకిచ్చింది. నేను అలవాటుగా, చూడకుండానే, పక్కవాళ్లకు అందించేశాను. మా ఆవిడ నా తొడ మీద గట్టిగా గిల్లింది. నా కేక విని వరసంతా తిరిగి చూసింది. పళ్లెం అంచెలంచెలుగా, ఒక్కో చేతిలోంచి, నవ్వు ఆపుకుంటున్న మొహాల మీదుగా వెనక్కి వచ్చింది. అందులో అన్నిటికంటే పెద్ద ముక్క ఏదో కొలిచి చూసే అలవాటు నాకుంది. ఆ రోజు చేతికి తగిలినది తీసుకున్నాను.