అవ్వ ఒళ్లో నటరాజు

ఎనభైల మొదట్లో పుంగనూరులో మా ఇంటి వసారాలోనే పిల్లలకు భరతనాట్యం నేర్పేదాన్ని. ఎదుటి గోడకు నటరాజు పటం. పిల్లలు దానికి దండం పెట్టి, దాన్నే చూస్తూ ఆడేవాళ్లు.

మా తొలి ప్రదర్శన కుప్పంలో. ముందుగా ఆరేళ్ల రెడ్డెమ్మ ఒక్కతే ఆడాలి. "మా ఇంటి బిడ్డకు గజ్జెలు యాలమ్మా?" అని నాతో పోట్లాడిన వాళ్ల అవ్వ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది, మూతి ముడుచుకునే.

అందంగా ఉంటుందని నిర్వాహకులు, మేం వెంట తీసుకెళ్లిన మా పటాన్ని వేదిక వెనక పెట్టారు. తెర లేచింది. రెడ్డెమ్మ పటం ఎక్కడుందో వెతుక్కుని, జనానికి వీపు తిప్పి ఆట మొదలుపెట్టింది. ఒకటే నవ్వులు. పక్కన కూర్చుని తాళం వేస్తూనే ఇటు తిరగమని సైగ చేశాను, చూస్తే కదా! రేపటినుంచి నా దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు?

అంతలో అవ్వ లేచింది. మనవరాలిని లాక్కుపోతుందనుకున్నాను.

"యాల నవ్వతా ఉండారప్పా? బిడ్డ సామికి గదా ఆడతా ఉండాది!" అని జనాన్ని గదమాయించి, వేదికెక్కి పటం తీసుకుని, తన చోటికి వెళ్లి ఒళ్లో పెట్టుకుంది. పటంతోపాటే రెడ్డెమ్మా ఇటు తిరిగింది. ఆట ముగిసేదాకా అవ్వ కదల్లేదు.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. మా నటరాజు మాత్రం ఈనాటికీ వేదిక ఎక్కడు. ముందు వరసలో ఎవరో ఒక అవ్వ ఒళ్లో కూర్చునే మా పిల్లల ఆట చూస్తాడు.