అత్త వదిలేసిన ఫైనల్

టెన్నిస్ ఫైనల్ మధ్యలో భయపడి పారిపోయిందని మా మేనత్త గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట వల్లే ఏ క్లబ్బూ ఆమెకు కోచ్ ఉద్యోగం ఇవ్వలేదు. మొన్న ఒక క్లబ్బు సెక్రటరీ ఆ ఉద్యోగం గురించి మాట్లాడటానికి పిలిస్తే నేనూ తోడు వెళ్లాను.

"మళ్లీ పారిపోరు కదా మేడమ్?" అని నవ్వుతూ ఆయన అత్తకి ఎడమ పక్క నుంచి బంతి విసిరాడు.

బంతి మీదికొస్తున్నా అత్త రెప్ప వేయలేదు. అది ఫట్‌మని చెంపకు తగిలింది. నేను పరుగున వెళ్లాను.

"అత్తా, కనబడలేదా?"

"ఆ కన్ను కనబడక ఎన్నేళ్లయిందే పిచ్చిదానా," అంది చెంప రుద్దుకుంటూ.

సెక్రటరీ మొహం పాలిపోయింది. "రేపట్నుంచి రండమ్మా," అన్నాడు.

మిగతాది దారిలో చెప్పింది. ఆ ఫైనల్ మొదటి సెట్‌లోనే బంతి తగిలి ఆ కన్ను పోయింది. మూడో సెట్‌కి దిగకుండా ఆసుపత్రికి వెళ్లింది. కానీ అంతకుముందు రెండో సెట్ ఒక్క కంటితోనే ఆడి గెలిచింది.