అటెండర్ పట్టిన స్లిప్పులు

నా చేతిరాత చూస్తే నాకే రోత పుట్టే రోజు వస్తుందని అనుకోలేదు. ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఆఫీసులో అదీ వచ్చింది.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, ఆ తర్వాత నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన వాడిని. నా జీవితం సినిమాగా తీస్తామంటే సంబరపడి డైరీలన్నీ ఇచ్చాను. ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన రోజు, మా కాలేజీ పాత అటెండర్‌ను వెంగళరావు నగర్‌లో కారెక్కించుకుని వెళ్లాను. నా కథ మొదలైంది అతనితోనే. పరీక్ష హాల్లో ఒక నాయకుడి కొడుకు జేబులోంచి స్లిప్పులు లాగింది అతను. నాయకుడి మనుషులు కొట్టిందీ అతన్నే. ఎడమచెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. అయితే కాలేజీ రివాజు ప్రకారం, స్లిప్పులు ఎవరు పట్టినా రిపోర్టు లెక్చరర్ పేరు మీదే వెళ్లాలి. అలాగే వెళ్లింది. నిజాయితీపరుడంటూ పేపర్లో నా ఫోటో పడింది. ఆ పేరుతోనే పార్టీ టికెట్ వచ్చింది.

దారిలో, నీ వేషం ఎవరు వేస్తారో కనుక్కుందామన్నాను. అతను ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు.

ఆఫీసులో దర్శకుడు ఆ సీను చెప్పాడు. స్లిప్పులు పట్టేది హీరో, దెబ్బలు తినేదీ హీరోనే. నాకు ఒళ్లు మండింది. ఇంత అబద్ధం ఎలా అల్లారని, పట్టింది ఇదిగో ఇతనని గట్టిగానే అన్నాను. దర్శకుడు కోప్పడలేదు. డైరీ తెచ్చి ఆ పేజీ నా ముందు పెట్టాడు.

"మీరే రాశారు కదండీ సార్. 'ఈరోజు హాల్లో స్లిప్పులు పట్టుకున్నాను' అని."

రిపోర్టు రాసిన చేత్తోనే డైరీ కూడా రాసుకున్నాను. ఆ వారమంతా తిరగేశాను. ఆ రోజు కింద సాయంత్రం వాన, దోసకాయ పప్పు; తర్వాత పేజీల్లో ప్రిన్సిపాల్ మెచ్చుకోలు.

అటెండర్ తొంగిచూశాడు. "నేను దవాఖానల వడ్డది రాయలేదా సార్?"

రాయలేదన్నాను. పెన్ను తీసి ఆ వాక్యం దిద్దబోతే, కుడిచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు దిద్దితే ఏమొస్తది సార్. స్లిప్పులు మీరే పట్టుర్రి. గానీ దెబ్బలు సుత మీరే తినకుర్రి. గవన్నా నాకు ఉంచుర్రి."

ఒప్పందం సంతకం లేకుండానే బల్ల మీద వదిలేసి, డైరీ తీసుకుని లేచాను. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దాటాక, కార్లో ఆ పేజీ మళ్లీ తెరిచాను. డైరీ నా ఒళ్లోనే ఉంది. దోసకాయ పప్పు కింద, ఆ పేజీ సగం ఖాళీ.